బ్రేకు ఇనస్పెక్టరు నుంచి కంప్యూటరు దాకా: ఎఫ్.సి. జరిమానాల కథ

మన సంఘం ప్రత్యేక సంచికకు ఉద్యోగ కాలంలో ఎరిగిన విషయం ఏదైనా రాసి పంపమని కార్యదర్శి గారు కోరారు. నేను 1972లో గుమాస్తాగా చేరి 2008లో సీనియర్ అసిస్టెంటుగా పదవీ విరమణ చేశాను. అందులో ఎక్కువ కాలం రవాణా శాఖ జిల్లా కార్యాలయాల్లోనే గడిచింది. కలెక్టరేటు వారికి, ట్రెజరీ వారికి చెప్పుకోదగ్గ పెద్ద సంగతులు చాలా ఉంటాయి. మా దగ్గర ఉండేవి చలానాలు, చెక్ రిపోర్టులు, ఆర్.సి. పుస్తకాలు. అయితే వాటిలోనూ ఒక చరిత్ర ఉంది. దాన్ని ఎవరూ రాసినట్టు నా కంట పడలేదు గనుక, తెలిసినంత మేరకు ఇక్కడ మనవి చేస్తున్నాను.

ఎఫ్.సి. అంటే ఫిట్‌నెస్ సర్టిఫికెట్టు. ఆటో మొదలుకొని లారీ, బస్సు, స్కూలు బస్సు వరకు రవాణా వాహనం ఏదైనా రోడ్డు మీద తిరగటానికి యోగ్యంగా ఉన్నదని పరీక్షించి ఇచ్చే కాగితం. లారీ తలుపు మీద పర్మిట్టు, టాక్సు, ఇన్సూరెన్సు తేదీల పక్కన ఎఫ్.సి. అని రాసి ఒక తేదీ వేసి ఉండటం మీరు చూసే ఉంటారు. ఆ తేదీ దాటిన మర్నాటి నుంచి బండి యజమానికి నిద్ర పట్టదు. సొంత కార్లకు, స్కూటర్లకు ఏటేటా ఈ బెడద లేదు గాని, పదిహేనేళ్ళు నిండితే వాటికీ పరీక్ష తప్పదు. మన సభ్యుల ఇళ్ళలో అటువంటి స్కూటర్లు ఎన్ని ఉన్నాయో నేను వేరే చెప్పనక్కరలేదు. వాటి సంగతికి చివర వస్తాను.

గడువు దాటిందని జరిమానా వేస్తారు. సరే. అది న్యాయం కాదని బండివాడికి తోచినప్పుడు ఆ మాట ఎవరితో చెప్పుకోవాలి? నూట అరవై ఏళ్ళకు పైగా ఈ ప్రశ్నకు జవాబు మారుతూ వచ్చింది. ఈ వ్యాసమంతా ఆ మార్పు గురించే.

మోటార్లు రాకముందే ఈ పరీక్ష ఉంది. 1861లో తెల్లదొరల ప్రభుత్వం స్టేజి క్యారేజీల చట్టం చేసింది. గుర్రాలు లాగే బళ్ళలో జనాన్ని బాడుగకు ఎక్కించుకోవాలంటే మేజిస్ట్రేటు దగ్గర లైసెన్సు తీసుకోవాలి. బండి పనికిరానిదనో, జనానికి ప్రమాదమనో తోస్తే ఆయన లైసెన్సు నిరాకరించవచ్చు. మద్రాసు రాష్ట్రంలో జట్కాల వంటి బాడుగ బళ్ళ కోసం 1911లో వేరే చట్టం వచ్చింది. జట్కావాడు, పోలీసువాడు, మేజిస్ట్రేటు ముగ్గురూ ఒక ఊళ్ళోనే ఉండేవారు. వాదన ఏదైనా ఎదురెదురుగా నిలబడి చెప్పుకునేదే.

మోటారు వాహనాలకు దేశమంతటికీ వర్తించే మొదటి చట్టం 1914లో వచ్చింది. అది రిజిస్ట్రేషను, డ్రైవింగు లైసెన్సు, వేగం వంటి వాటి వరకే చెప్పి, మిగతా భారం చాలావరకు రాష్ట్రాల రూల్సు మీద పెట్టింది. అసలు మలుపు 1939 నాటి చట్టం. అందులో 38వ సెక్షను మా శాఖవారికి కంఠోపాఠం. రవాణా వాహనానికి 'హెచ్' ఫారంలో ఫిట్‌నెస్ సర్టిఫికెట్టు లేకపోతే, ఆ బండి సక్రమంగా రిజిస్టరు అయినట్టే భావించరాదు అన్నారు అందులో. ఒక్క వాక్యమే గాని అందులో ఎంత బలం ఉందో చూడండి. బండి కొన్న కాగితాలు ఉన్నాయి, ఆర్.సి. పుస్తకం ఉంది, నంబరు ప్లేటు ఉంది. అయినా ఎఫ్.సి. తేదీ దాటిన క్షణాన అవన్నీ ఉండీ లేనట్టే. అంటే గడువు దాటిన బండిని తోలినవాడు రిజిస్ట్రేషను లేని బండిని తోలినట్టు లెక్క. చిన్న ఆలస్యానికి పెద్ద నేరం అంటుకోవటం ఇక్కడి నుంచే మొదలైంది. 1988 చట్టంలో 56వ సెక్షనుగా ఇదే వాక్యం వచ్చింది.

మా నాన్నగారు యుద్ధకాలం నాటి బొగ్గు బస్సుల గురించి చెప్పేవారు. పెట్రోలు కరువై బస్సు వెనక పెద్ద బొగ్గు పొయ్యి తగిలించి, ఆ గ్యాసుతో నడిపేవారట. ఎత్తు వస్తే ప్రయాణికులు దిగి తోయాలి. అటువంటి బస్సుకు ఫిట్‌నెస్ ఇచ్చిన అధికారి ఏమి చూసి ఇచ్చాడో అని నాకు ఇప్పటికీ సందేహమే. నైజాంలో పరిస్థితి కొంత వేరు. అక్కడ 1932 నుంచే నిజాం రైల్వే వారి బస్సులు ఉన్నాయి. మన వైపు బస్సులన్నీ ప్రైవేటు ఆసాములవి. అందుకే కాబోలు మన వైపు జనంలో మోటారు వాహనాల ఇనస్పెక్టరుకు ఒక పేరు స్థిరపడింది: బ్రేకు ఇనస్పెక్టరు. ఆయన బండి ఎక్కి, కొంత దూరం తోలించి, హఠాత్తుగా ఆపమని బ్రేకు చూస్తాడు గనుక ఆ పేరు. ఉద్యోగం పేరు ఎన్నిసార్లు మారినా పల్లెల్లో ఆయన బ్రేకు ఇనస్పెక్టరే.

ఇక నేను కళ్ళారా చూసిన ఒక కేసు చెబుతాను. జిల్లా పేరు, మనుషుల పేర్లు ఇక్కడ అక్కరలేదు.

అప్పట్లో తాలూకా కేంద్రాలకు బ్రేకు ఇనస్పెక్టరు నెలకు రెండుసార్లు క్యాంపు వచ్చేవారు. చేపల వ్యాపారం చేసే ఒకాయనకు మెటాడోరు వ్యాను ఉండేది. దాని ఎఫ్.సి. 1982 డిసెంబరు 31తో ముగుస్తుంది. ఆయన డిసెంబరు 8ననే చలానా కట్టి, అర్జీ మా ఆఫీసులో ఇచ్చాడు. తపాలు చూసే సీటు అప్పుడు నాదే. తేదీ ముద్ర వేసి, ఆవక రిజిస్టరులో ఎక్కించి, కరెంటు నంబరు వేసి రసీదు ఇచ్చాను. అయితే ఆ నెల రెండో క్యాంపు జరగలేదు. 1983 జనవరి 5న శాసనసభ ఎన్నికలు. పోలింగు సిబ్బందికి వాహనాలు సమకూర్చే పనిలో మా శాఖవారంతా కలెక్టరు గారి చేతి కింద ఉన్నారు. బ్రేకు పరీక్షలకు మనిషి ఎక్కడ?

జనవరి 9న రామారావు గారు ప్రమాణ స్వీకారం చేశారు. 11వ తారీఖున ఈ వ్యాను చేపలు వేసుకుని పొరుగు జిల్లా పొలిమేర దాటుతుండగా చెకింగు అధికారి ఆపారు. ఎఫ్.సి. గడువు పదకొండు రోజుల క్రితం ముగిసింది. చెక్ రిపోర్టు రాశారు. వ్యాపారి రసీదు చూపించాడట. 'అర్జీ ఇస్తే సర్టిఫికెట్టు ఇచ్చినట్టా?' అన్నారట ఆయన. అదీ నిజమే. చట్టంలో అర్జీ ఇచ్చినవాడికి ఊరట ఏమీ రాసి లేదు.

అక్కడికక్కడ ఎంతో కొంత కట్టి రాజీ చేసుకుంటే పోయేది. చాలామంది అదే చేస్తారు. కాని ఈయన మొండి మనిషి. కట్టితే తప్పు ఒప్పుకున్నట్టు అవుతుందని, రేపు పర్మిట్టు విషయంలో ఇది మెడకు చుట్టుకుంటుందని ఆయన భయం. కేసు మేజిస్ట్రేటు కోర్టుకు వెళ్ళింది. ఆవక రిజిస్టరు తీసుకుని సాక్షిగా రమ్మని మా ఆఫీసుకు సమన్లు వచ్చాయి. మా సూపరింటెండెంటు గారికి ముచ్చెమటలు పోశాయి. 'ఏమయ్యా, మన క్యాంపు జరగలేదని కోర్టులో చెబితే మనకే సంజాయిషీ వస్తుందేమో' అన్నారు. 'రిజిస్టరులో ఉన్నది చదువుతాను సార్, అంతే' అన్నాను. సాయంత్రం ఆయనే రిజిస్టరు ఎర్ర గుడ్డలో కట్టించి, పోగొట్టకుండా తెమ్మని నాకు ఇప్పించారు.

కోర్టులో నన్ను అడిగినవి నాలుగే ప్రశ్నలు. అర్జీ ఏ తేదీన వచ్చింది, ముద్ర ఎవరు వేశారు, పరీక్షకు తేదీ ఇచ్చారా, ఆ తేదీన పరీక్ష జరిగిందా. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. తరువాత వ్యాపారి తరఫు వకీలు గారు ఒక కాగితం తీశారు. అది ఆ మెటాడోరును పోలింగు పనికి ప్రభుత్వం తీసుకున్నట్టు ఇచ్చిన రిక్విజిషను ఉత్తర్వు. జనవరి 4న, 5న ఆ వ్యాను బ్యాలెట్ పెట్టెలు మోసింది. గడువు అప్పటికే తీరిపోయి ఉంది.

మేజిస్ట్రేటు గారు కళ్ళజోడు తీసి ప్రాసిక్యూషను వారి వైపు చూశారు. 'ఓట్ల పెట్టెలకు యోగ్యమైన బండి చేపల బుట్టలకు అయోగ్యం ఎట్లా అయిందండీ?' అన్నారు. కోర్టు హాలులో అందరూ నవ్వారు, ప్రాసిక్యూషను వారితో సహా. కేసు కొట్టేశారు. అక్షరాలా చట్టం పట్టుకుని పైకోర్టుకు వెళ్తే ఏమై ఉండేదో చెప్పలేను. ప్రభుత్వం వెళ్ళలేదు. నాకు ఆ రోజు ఒక టి.ఎ. బిల్లు మిగిలింది, అది మంజూరు కావటానికి ఏడు నెలలు పట్టింది.

ఈ కేసులో వ్యాపారిని గట్టెక్కించినది వకీలు తెలివి కొంత, ముద్ర వేసిన రసీదు కొంత. అన్నిటికంటే ముఖ్యం, చెప్పేది వినటానికి ఎదురుగా ఒక మనిషి ఉండటం.

1988 నాటి కొత్త చట్టం 1989 జులై 1 నుంచి అమలులోకి వచ్చింది. మా మీద కొత్త ఫారాలు, కొత్త సెక్షన్లు వచ్చి పడ్డాయి గాని బండివాడికి అందులో కొన్ని మంచి సదుపాయాలు ఉన్నాయి. 56వ సెక్షను ప్రకారం ఫిట్‌నెస్ నిరాకరిస్తే కారణాలు రాతపూర్వకంగా ఇవ్వాలి. ఇచ్చిన సర్టిఫికెట్టు మధ్యలో రద్దు చేయాలన్నా కారణాలు రికార్డు చేయాలి. 57వ సెక్షను కింద అటువంటి ఉత్తర్వు మీద ముప్పై రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చు. జరిమానా విషయంలో, అధికారి రాసిన మొత్తం కట్టటమంటే 200వ సెక్షను కింద రాజీ పడటం. రాజీ అంటేనే ఇద్దరి ఇష్టం. ఇష్టం లేకపోతే కోర్టుకు పంపమని అడిగే హక్కు బండివాడిది. ఈ సంగతి చెప్పే అధికారులు నా సర్వీసులో వేళ్ళ మీద లెక్కపెట్టదగినంత మందే.

జరిమానా కూడా తక్కువేమీ కాదు. రిజిస్ట్రేషను లేని బండి తోలినందుకు 192వ సెక్షను కింద మొదటిసారికి రెండు వేలకు తగ్గకుండా అయిదు వేల దాకా వేయవచ్చు. జబ్బుపడినవారిని, దెబ్బలు తగిలినవారిని అత్యవసరంగా చేరవేసినప్పుడు, కష్టంలో ఉన్నవారికి ఆహారం, మందులు తీసుకుపోయినప్పుడు ఆ సెక్షను వర్తించదు. ఈ మినహాయింపు కూడా చాలామందికి తెలియదు.

గడువుల లెక్క 62వ రూలులో ఉంది. మొదట కొత్త బండికి రెండేళ్ళు, ఆ తరువాత ఏటేటా. 2018 నవంబరులో దీన్ని సడలించారు. ఎనిమిదేళ్ళ లోపు బండికి రెండేళ్ళకోసారి, ఎనిమిదేళ్ళు దాటితే ఏటేటా.

ఇక్కడ ఒక మాట. ఫిట్‌నెస్ పరీక్ష వద్దని నేను అనటం లేదు. పసిపిల్లలను ఎక్కించుకునే బస్సుకు బ్రేకులు, టైర్లు, అత్యవసర ద్వారం చూడకుండా సర్టిఫికెట్టు ఇచ్చేవాడికీ, పరీక్షకు తేకుండా బండి తిప్పేవాడికీ శిక్ష పడవలసిందే. నా పేచీ అంతా 2016 తరువాత వచ్చిన మార్పు మీద.

2016 డిసెంబరు 29న కేంద్ర ప్రభుత్వం మోటారు వాహనాల ఫీజులన్నీ సవరించింది. అందులో 81వ రూలు పట్టికలో ఒక చిన్న పంక్తి చేరింది. ఫిట్‌నెస్ గడువు ముగిశాక ఆలస్యమైన ప్రతి రోజుకూ యాభై రూపాయల అదనపు రుసుము. ఆటోకు మామూలుగా పరీక్ష ఫీజు నాలుగు వందలు, సర్టిఫికెట్టుకు రెండు వందలు. ఏడాది ఆలస్యమైతే అదనపు రుసుమే 18,250 రూపాయలు. దీన్ని జరిమానా అనలేదు, రుసుము అన్నారు. ఆ మాటలోనే ఉంది కీలకం. జరిమానా అయితే నేరం జరగాలి, బండి రోడ్డు మీద తోలి ఉండాలి, ఒకరు రిపోర్టు రాయాలి, కాదనేవాడు మేజిస్ట్రేటు ముందు నిలబడవచ్చు. రుసుముకు ఇవేవీ అక్కరలేదు. బండి పాకలో మూలపడి ఉన్నా రోజులు లెక్క పడుతూనే ఉంటాయి. క్యాలెండరుతో వాదించేది ఎట్లా?

మద్రాసు హైకోర్టు ముందు ఆటో కార్మికుల సంఘం ఈ ప్రశ్నే వేసింది. ఆలస్యానికి ఈ అదనపు రుసుము వేయటం చెల్లదని 2017 ఏప్రిల్‌లో ఆ కోర్టు కొట్టేసింది. శాసనం ఇవ్వని అధికారాన్ని రూల్సు ద్వారా తెచ్చుకోరాదన్నది ఆ వాదంలోని సారం. సెక్రటేరియట్ మాన్యువలు చదివిన ప్రతి గుమాస్తాకూ తెలిసిన సూత్రమే ఇది. అయినా కథ అక్కడ ఆగలేదు.

2020 మార్చిలో కరోనా వచ్చింది. ఆఫీసులు మూతపడ్డాయి. ఆ సంవత్సరం ఫిబ్రవరి 1 తరువాత గడువు తీరిన ఎఫ్.సి., పర్మిట్టు, లైసెన్సు వగైరా కాగితాలను చెల్లుబాటు అయ్యేవిగానే భావించాలని కేంద్ర మంత్రిత్వ శాఖ మార్చి 30న రాష్ట్రాలకు రాసింది. మొదట జూన్ దాకా అన్నారు. తరువాత పొడిగిస్తూ పొడిగిస్తూ చివరకు 2021 అక్టోబరు 31 దాకా తెచ్చారు. అదే అక్టోబరు నెల 4న ఇంకో నోటిఫికేషను వచ్చింది. పాత బండ్ల ఫీజులు పెంచుతూ, రోజుకు యాభై రూపాయల పంక్తిని మళ్ళీ అందులో పెట్టి, 2022 ఏప్రిల్ 1 నుంచి అమలు అన్నారు. రెండేళ్ళు బేరాలు లేక అప్పుల పాలైన ఆటోవాళ్ళ నెత్తిన ఇది పడింది. హైదరాబాదులో ఆటోలు, క్యాబులు, లారీల సంఘాలు 2022 మే 19న బందు పాటించాయి. 2024లో మహారాష్ట్రలోనూ ఇదే రుసుము మీద ఆటోవాళ్ళు రోడ్డెక్కారు.

మా వీధి చివర ఆటో తోలుకునే అబ్బాయి ఒకడున్నాడు. 2022 జూన్‌లో ఒక రోజు పొద్దున్నే వచ్చి, 'బాబాయి గారూ, మీరు ఆ ఆఫీసులో పనిచేశారు గదా, ఇది కాస్త చూడండి' అని ఒక కాగితం ఇచ్చాడు. వాడి ఎఫ్.సి. 2020 మే 20తో తీరింది. లాక్‌డౌనులో ఆటో మూలపడింది. తరువాత కిస్తీలు, తల్లికి వైద్యం. చివరకు జూన్ 20న పరీక్షకు వెళ్తే 761 రోజులకు 38,050 రూపాయలు కట్టమని లెక్క వచ్చింది. ఆ ఆటో అమ్మితే అంతకంటే ఎంత ఎక్కువ వస్తుందో వాడికే తెలియదు.

కాగితం పెన్సిలు తీసుకుని కూర్చున్నాను. 2021 అక్టోబరు 31 దాకా సర్టిఫికెట్టు చెల్లుబాటులో ఉన్నట్టే గదా. నవంబరు 1 నుంచి లెక్కిస్తే 232 రోజులు, అంటే 11,600. నోటిఫికేషను అమలైన 2022 ఏప్రిల్ 1 నుంచే లెక్కించాలంటే 81 రోజులు, 4,050. మంత్రిత్వ శాఖ ఉత్తరాల తేదీలన్నీ వేసి, మొదట 4,050, కాని పక్షంలో 11,600 తీసుకోమని అర్జీ రాశాను. అర్జీ పట్టుకుని ఇద్దరం వెళ్ళాం.

కౌంటరులో ఉన్న అమ్మాయి మర్యాదస్తురాలు. 'సార్, మీరు చెప్పింది అర్థమైంది గాని కంప్యూటరు తీసుకోవటం లేదు' అన్నది. అప్పీలు చేసుకుంటాం, ఉత్తర్వు కాపీ ఇవ్వమన్నాను. ఉత్తర్వు ఎక్కడుంది, తెర మీద అంకె ఉంది. నా ముప్పై ఆరేళ్ళ సర్వీసులో ఇటువంటి చిక్కు చూడలేదు. ఉత్తర్వు ఉంటేనే గదా దాని మీద అప్పీలు! ఎవరూ ఉత్తర్వు వేయలేదు, అంకె మాత్రం కట్టాలి.

మన డిస్ట్రిక్ట్ ఆఫీసు మాన్యువలు చదువు అప్పుడు పనికొచ్చింది. అర్జీని తపాల్లో ఇచ్చి, ముద్ర వేయించుకుని, 'ఈ అర్జీని అంగీకరించటానికి వీలులేని పక్షంలో కారణాలతో ఎండార్స్‌మెంటు ఇప్పించ ప్రార్థన' అని అడుగున చేర్చాను. ఎండార్స్‌మెంటు అన్న మాట ఆఫీసుల్లో ఇంకా బతికే ఉంది. మూడుసార్లు తిరిగాక ఒక అధికారి సంతకంతో నాలుగు పంక్తుల కాగితం ఇచ్చారు. సాఫ్ట్‌వేరు ప్రకారం రుసుము వచ్చినది గనుక తగ్గించుటకు వీలుపడదని అందులో సారాంశం. నాకు కావలసింది అదే. సంతకం పడింది, ఇక అది మనిషి మాట. దాని మీద పై అధికారికి రాశాం. కరోనా కాలం నాటి రోజులను తీసేసి 11,600 కట్టించుకోమని ఇరవై రోజుల్లో జవాబు వచ్చింది. ఏప్రిల్ 1 నుంచే లెక్కించాలన్న వాదన మాత్రం ఒప్పుకోలేదు. దాని కోసం హైకోర్టుకు వెళ్ళాలి. వాడికి అక్కడ ఆటో తోలకపోతే ఇక్కడ పొయ్యి వెలగదు. కట్టేశాడు. సగం గెలుపు అనండి, ఇంకేదైనా అనండి, 26,450 రూపాయలు మిగిలాయి.

ఇప్పుడు మన స్కూటర్ల సంగతి. సొంత వాహనానికి రిజిస్ట్రేషను పదిహేనేళ్ళు. తరువాత బండిని చూపించి అయిదేళ్ళకోసారి పొడిగించుకోవాలి. 2022 ఏప్రిల్ నుంచి కేంద్ర నిబంధనల ప్రకారం ద్విచక్ర వాహనానికి ఈ ఫీజు 300 నుంచి 1,000కి, కారుకు 600 నుంచి 5,000కి పెరిగింది. ఆలస్యమైతే ద్విచక్ర వాహనానికి నెలకు 300, మిగతావాటికి నెలకు 500 అదనం. రెండేళ్ళు మరచిపోయిన స్కూటరుకు 7,200 అన్నమాట. 2025 ఆగస్టులో ఇరవై ఏళ్ళు దాటిన వాహనాలకు ఫీజు మళ్ళీ పెంచి ద్విచక్ర వాహనానికి 2,000, కారుకు 10,000 చేశారు. పింఛనుదారుడి స్కూటరు వారానికి రెండుసార్లు రైతుబజారుకు, నెలకోసారి బ్యాంకుకు వెళ్తుంది. దాని వయసు చూస్తారు గాని తిరిగిన దూరం చూడరు.

గడువు తీరే ముందు అరవై రోజుల్లోగా 25వ ఫారంలో అర్జీ పెట్టుకోవచ్చు. ఆఖరి వారం దాకా ఆగవద్దు. ఆన్‌లైనులో పెడితే ఆ రసీదును తేదీతో సహా కాగితం మీద తీసి ఆర్.సి.తో పాటు దాచండి. పరీక్షకు బండి తీసుకువెళ్ళిన రోజున అధికారి లేకపోతే, ఉత్త చేతులతో తిరిగి రాకుండా, వచ్చి వెళ్ళినట్టు ఒక అర్జీ తపాల్లో ఇచ్చి ముద్ర వేయించుకోండి. రుసుము ఎక్కువ వేశారని తోస్తే నోటి మాటతో సరిపెట్టుకోక ఎండార్స్‌మెంటు అడగండి.

మా వీధి అబ్బాయి అర్జీ, దానికి వచ్చిన ఎండార్స్‌మెంటు, పై అధికారి జవాబు మూడింటినీ పేరు, నంబరు కొట్టేసి జిరాక్సు తీయించి మన సంఘం కార్యాలయంలో బీరువా రెండో అరలో ఉంచాను. నమూనా కావలసినవారు సాయంత్రం అయిదు నుంచి ఏడు మధ్య వచ్చి చూసుకోవచ్చు. రాయటానికి చెయ్యి వణికేవారు ఉంటే బుధవారాలు నేను అక్కడే ఉంటాను.